బయటికి మాత్రమే: మిర్చి కోల్డ్ స్టోరేజీకి డేటా డయోడ్, ప్రాజెక్టు డైరీ

జనవరి 13, 2025, సోమవారం (భోగి), గుంటూరు

భోగి మంట ఆరకముందే బాబాయ్ బండి తీశాడు. "పండగ పూట కూడా మెషిన్ రూమేనా" అని పిన్ని లోపలి నుంచి కేకేసింది. చిలకలూరిపేట వైపు హైవే పక్కన ఉంది ఆ కోల్డ్ స్టోరేజీ. బాబాయ్ 22 ఏళ్లుగా అక్కడ మెషిన్ రూమ్ ఇన్‌ఛార్జి. నేను హైదరాబాద్‌లో ఎంబెడెడ్ బోర్డుల పని చేస్తాను.

నవంబర్‌లో జరిగిన సంగతి ఫోన్‌లో విన్నాను గానీ, అక్కడ నిలబడి చూశాకే భయమేసింది. నాలుగు చాంబర్లు, అమ్మోనియా కంప్రెసర్లు, ఒక్కో చాంబర్‌కి ఒక టెంపరేచర్ కంట్రోలర్. కంట్రోలర్లన్నీ ఆర్ఎస్485 అనే, యంత్రాలు మాట్లాడుకునే తీగ మీద ప్యానెల్ రూమ్‌లోని పీసీకి కలిసి ఉన్నాయి. ఆ పీసీకి ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్ ఉంది, అందులో ఒక రిమోట్ సాఫ్ట్‌వేర్ ఉంది. ఒక రాత్రి రెండు గంటలప్పుడు 3వ చాంబర్ సెట్‌పాయింట్ (ఎంత చల్లగా ఉంచాలో పెట్టిన అంకె) దానంతట అదే మారిపోయింది. తెల్లవారి బాబాయ్ చూసి సరిచేశాడు. ప్యానెల్ పెట్టిన సంస్థ మనిషి ఇంకో ఊళ్లోని ఇంకో క్లయింట్ పీసీ అనుకుని ఇందులోకి వచ్చి మార్చాడని తర్వాత తెలిసింది. కావాలని చేయలేదు. కానీ పొరపాటున ఒకడు రాగలిగిన దారిలో కావాలని ఇంకొకడు రాలేడా?

చాంబర్లలో ఉన్నది రైతుల మిర్చి. ఈ ఏడాది ధర లేక మిర్చి యార్డు నుంచి నేరుగా ఇక్కడికే టిక్కీలు (మిర్చి బస్తాలు) దించుతున్నారు. రంగు పోతే ధర పోయినట్టే.

"నెట్ తీగ పీకేద్దాం బాబాయ్" అన్నాను.

"ఓనరు గారు ఒప్పుకోరు రా. ఆయన పొద్దున లేవగానే ఫోన్‌లో టెంపరేచర్ చూసుకుంటే గానీ కాఫీ ముట్టరు."

అంటే కావలసింది ఇదీ: బయటికి కనిపించాలి, బయటి నుంచి తాకడం కుదరకూడదు. డేటా డయోడ్ అనే వస్తువు ఉందని, సమాచారం ఒకవైపే పోతుందని చెప్పాను. బాబాయ్‌కి వెంటనే అర్థమైంది. "ఎన్నార్వీ అన్నమాట, వెనక్కి పోనివ్వని వాల్వు. మన డిశ్చార్జ్ లైన్‌లో ఉన్నట్టు." కాసేపాగి తనే అన్నాడు: "అయితే సీటు అరిగితే ఎన్నార్వీ కూడా వెనక్కి వదులుతుంది."

ఆ మాటే ఈ ప్రాజెక్టుకి నియమంగా పెట్టుకున్నాను. ఫైర్‌వాల్ అంటే చక్రం ఉన్న వాల్వు. ఎవరో ఒకరు "ఒక్క గంట కోసం" అని తిప్పుతారు, మళ్లీ మూయడం మర్చిపోతారు. నాకు వాల్వు వద్దు. వెనక్కి పైపే లేకుండా చేయాలి. 2019లో కూడంకుళం అణు విద్యుత్ కేంద్రంలో మాల్‌వేర్ దొరికినప్పుడు, అది ఇంటర్నెట్‌తో కలిసిన పరిపాలనా నెట్‌వర్క్‌లోని ఒక పీసీకి సోకిందని, కీలకమైన లోపలి నెట్‌వర్క్ దాని నుంచి విడిగా ఉందని అణు విద్యుత్ సంస్థ ప్రకటించింది. ఆ "విడిగా ఉంది" అనే మాట ఇక్కడ కూడా గుండె మీద చేయి వేసుకుని చెప్పగలగాలి.

వచ్చే ముందు ఇంకొకటి కంటపడింది. ప్యానెల్ రూమ్ గోడకి అవతలే ఓనరు గారి గది. గోడలోంచి పీసీ హెచ్‌డీఎంఐ తీగ ఆ గదిలోని పెద్ద స్మార్ట్ టీవీకి వెళ్తోంది. టీవీ వైఫైలో ఉంది. దాని సంగతి కూడా చూడాలని రాసుకున్నాను.

జనవరి 18, శనివారం, హైదరాబాద్

మొదటి ప్రయత్నం చవకది. ఆప్టోకప్లర్ అంటే ఒకే చిప్‌లో ఒక పక్క చిన్న ఎల్ఈడీ, రెండో పక్క ఆ వెలుగుని పట్టుకునే భాగం. అవతలి పక్క వెలిగించే వస్తువే లేదు కాబట్టి వెనక్కి ఏదీ రాదు. కోఠి గుజరాతీ గల్లీలో పీసీ817లు పది తెచ్చాను.

9600 బాడ్ (సెకనుకి 9600 బిట్లు) దగ్గర చక్కగా పనిచేసింది. 115200కి పెంచగానే అవతల చెత్త అక్షరాలు. సిగ్నల్‌ని గీతగా చూపించే ఆసిలోస్కోప్ పెడితే కారణం కనిపించింది. ఆ వేగంలో ఒక్క బిట్టు 8.7 మైక్రోసెకన్లే. పీసీ817 లోని ఫోటోట్రాన్సిస్టర్ ఆఫ్ కావడానికే దాదాపు అంత సేపు తీసుకుంటోంది. 6ఎన్137కి మారాను. ఇది 10 మెగాబిట్ల వేగానికి చేసిన చిప్. దీనికి 5 వోల్టులు ఇవ్వాలి, 8వ పిన్‌కీ 5వ పిన్‌కీ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ దగ్గరగా పెట్టాలి. అవుట్‌పుట్ ఓపెన్ కలెక్టర్, అంటే అది కిందికి లాగడమే తప్ప తనంతట వోల్టేజీ ఇవ్వదు. కాబట్టి దాన్ని పైకి లాగే రెసిస్టర్‌ని (పుల్‌అప్) 3.3 వోల్టులకి కలిపితే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి ప్రమాదం లేదు. ఎల్ఈడీ వెలిగితే అవుట్‌పుట్ కిందికి పడుతుంది. అందుకని ఎల్ఈడీని 3.3 వోల్టుల నుంచి 220 ఓముల మీదుగా పంపే పిన్‌కి కలిపాను. పిన్ కిందికి వెళ్లినప్పుడే వెలుగుతుంది, అవతల కూడా అప్పుడే కిందికి పడుతుంది. తలకిందుల సమస్య అక్కడికక్కడే తీరిపోయింది.

బల్ల మీద బాగానే ఉంది. కానీ ప్యానెల్ రూమ్ నుంచి రౌటర్ ఉన్న గేటు ఆఫీసుకి 70 మీటర్లు, మధ్యలో కంప్రెసర్ మోటార్లు. ఇలాంటి సిగ్నల్‌ని అంత దూరం రాగి తీగలో పంపలేం. ఫైబర్ తప్పదు.

జనవరి 19, ఆదివారం

ఈరోజు లోపలి వైపు పని. టెంపరేచర్లు ఎక్కడి నుంచి తీసుకోవాలి? కంట్రోలర్లు ఆ ఆర్ఎస్485 తీగ మీద మాట్లాడే భాష మోడ్‌బస్ ఆర్‌టీయూ. అందులో ఒక తీగ మీద ఒక్కరే మాస్టర్ (ప్రశ్నలు అడిగేవాడు) ఉండాలి, ఆ మాస్టర్ ఇప్పటికే పీసీ. నా రాస్ప్‌బెర్రీ పై కూడా ప్రశ్నలు అడగడం మొదలుపెడితే రెండూ ఢీకొంటాయి. అందుకని అడగకుండా వినాలనుకున్నాను. పీసీ అడుగుతుంది, కంట్రోలర్ జవాబిస్తుంది, నా బోర్డు పక్కన కూర్చుని వింటుంది.

ఇక్కడ దొరికిన సంగతి నాకు ఎంతో నచ్చింది. ఆర్ఎస్485 చిప్‌లో డీఈ అనే పిన్ ఉంటుంది. అది పైకి ఉంటేనే చిప్ తీగ మీద మాట్లాడగలదు. దాన్ని బోర్డు మీదే గ్రౌండ్‌కి సోల్డర్ చేసేశాను. సాఫ్ట్‌వేర్‌లో ఎవరేం రాసినా ఆ చిప్ ఇక నోరు విప్పలేదు. అంటే ఫైబర్ డయోడ్‌కి ముందే ఒక డయోడ్ తయారైంది, అదీ ఒక చుక్క సోల్డర్‌తో. 5 వోల్టుల మాక్స్485 బదులు 3.3 వోల్టుల మాక్స్3485 వాడాను, లేకపోతే రాస్ప్‌బెర్రీ పై బోర్డు పిన్ దెబ్బతింటుంది.

ఒక చిక్కు ఉంది. మోడ్‌బస్ జవాబులో అది ఏ విలువో చెప్పే రిజిస్టర్ నంబర్ ఉండదు, ప్రశ్నలోనే ఉంటుంది. రెంటినీ జతచేసి చదవాలి. ఫ్రేము (ఒక సందేశం) ఎక్కడ ముగిసిందో మూడున్నర అక్షరాల నిశ్శబ్దం చెబుతుంది. 9600 దగ్గర అది 4 మిల్లీసెకన్లు. లినక్స్ ఆ నిశ్శబ్దాన్ని నమ్మకంగా చూపించలేదు, బైట్లు గుంపుగా వస్తున్నాయి. కాబట్టి నిశ్శబ్దాన్ని వదిలేసి, సీఆర్‌సీ (సందేశం చివర ఉండే తనిఖీ అంకె) సరిపోయిన చోట ఫ్రేము ముగిసినట్టు లెక్కవేశాను. ఇంట్లో ఉన్న ఒక పాత కంట్రోలర్‌తో రాత్రి పదకొండు దాకా పరీక్షించాను. ఒక్క విలువ కూడా తప్పిపోలేదు.

జనవరి 25, శనివారం

సికింద్రాబాద్‌ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి మీడియా కన్వర్టర్లు కొన్నాను. ఈథర్‌నెట్‌ని వెలుగుగా మార్చే చిన్న డబ్బాలివి. పొరపాటు నాదే: "సింగిల్ ఫైబర్‌వి ఇవ్వండి" అని అడిగాను. ఒకే పోగు అయితే ఒకే దిక్కు అనే భ్రమలో ఉన్నాను.

ఇంటికొచ్చి డబ్బా మీద చూస్తే 1310, 1550 అని రెండు అంకెలు. ఇవి ఒకే పోగులో రెండు రంగుల వెలుగుతో రెండు వైపులా మాట్లాడేవి. ఇవే పెట్టి ఉంటే, బయటికి కనిపించేది ఒక్క పోగే కాబట్టి అందరం ఒకవైపే అని నమ్మి కూర్చునేవాళ్లం. వెన్నులో చలి పుట్టింది. ఇలాంటిది ఎవరైనా చేస్తుంటే దయచేసి ఈ సంగతి గుర్తుపెట్టుకోండి: పోగులు లెక్కపెట్టొద్దు, అవతలి పక్క వెలిగించే లేజర్ ఉందా లేదా అని చూడండి. సాయంత్రం వెళ్లి రెండు పోర్టులు విడివిడిగా ఉన్నవి, 100 మెగాబిట్లవి మార్చి తెచ్చుకున్నాను.

జనవరి 26, ఆదివారం

లోపలి కన్వర్టర్ పంపే పోర్టు నుంచి బయటి కన్వర్టర్ అందుకునే పోర్టుకి ఒక్క పోగు కలిపాను. తిరుగు పోగు లేదు. లింక్ లైటు వెలగలేదు. ఊహించినదే: లోపలి కన్వర్టర్‌కి తన అందుకునే పోర్టులో వెలుగు కనబడకపోతే అవతల ఎవరూ లేరనుకుని పంపడం మానేస్తుంది.

దీనికి తెలిసిన ఉపాయం మూడో కన్వర్టర్. దాన్ని ఏ నెట్‌వర్క్‌కీ కలపకుండా కరెంట్ మాత్రమే ఇచ్చి, దాని పంపే పోర్టుని లోపలి కన్వర్టర్ అందుకునే పోర్టుకి కలపాలి. దాని నుంచి ఖాళీ వెలుగు వస్తూ ఉంటుంది, అందులో సమాచారమేమీ ఉండదు. లోపలి కన్వర్టర్ "అవతల ఎవరో ఉన్నారు" అనుకుని పని మొదలుపెడుతుంది. 100 మెగాబిట్ల ఫైబర్‌లో ఆటో నెగోషియేషన్ లేదు కాబట్టి ఇది కుదిరింది. గిగాబిట్ కన్వర్టర్లయితే వెలుగు ఒక్కటే సరిపోకపోవచ్చు, అవతలివాడు జవాబివ్వాలని అడుగుతాయి. ఫైబర్ తెగితే ఈథర్‌నెట్ పోర్టుని కూడా పడేసే స్విచ్చు డబ్బా పక్కన ఉంటుంది, దాన్ని ఆఫ్‌లో పెట్టాను.

మూడో డబ్బాకి మేం "దీపం" అని పేరు పెట్టాం.

లైట్లు వెలిగాయి కానీ డేటా పోలేదు. రాస్ప్‌బెర్రీ పైలు రెండు, ఒకటి లోపల, ఒకటి బయట. లోపలి పై "ఈ చిరునామా ఎవరిది" అని ఏఆర్‌పీ ప్రశ్న వేస్తోంది, జవాబు వచ్చే దారే లేదు. బయటి పై మ్యాక్ చిరునామాని (నెట్‌వర్క్ చిప్ సొంత నంబరుని) లోపలి పై టేబుల్‌లో చేత్తో శాశ్వతంగా రాశాను. వెంటనే రసీదు అడగని యూడీపీ ప్యాకెట్లు పోవడం మొదలైంది. టీసీపీ ఇక్కడ అసలు కుదరదు, ప్రతి అడుగుకీ అవతలి నుంచి రసీదు కావాలి దానికి.

ఫిబ్రవరి 1, శనివారం

రసీదు లేని ఉత్తరం అందిందో లేదో పంపినవాడికి ఎప్పటికీ తెలియదు. ఈ వారమంతా దాని మీదే కూర్చున్నాను.

టెంపరేచర్ల చిన్న ప్యాకెట్లు తప్పిపోవడం లేదు గానీ, రోజు మొత్తం లాగ్ ఫైలు పంపినప్పుడు మధ్యలో ముక్కలు తప్పిపోతున్నాయి. ఫైబర్ తప్పు కాదు. బయటి పైలో సాకెట్ బఫర్ (వచ్చిన ప్యాకెట్లు వేచి ఉండే చోటు) 208 కిలోబైట్లే, ప్రోగ్రామ్ డిస్క్‌కి రాసుకునే లోపు అది నిండిపోతోంది. బఫర్ 8 మెగాబైట్లు చేశాను, పంపే వేగం 10 మెగాబిట్లకి కట్టేశాను. ప్రతి ప్యాకెట్‌కీ వరస నంబరు, ఫైలు చెడిందో లేదో పట్టించే హాష్ పెట్టాను. టెంపరేచర్ విలువలు ఒక్కోటి మూడుసార్లు, మధ్యలో రెండు సెకన్లు ఆగి పంపుతున్నాను. మూడూ తప్పిపోతే ఎలాగూ తర్వాతి నిమిషం కొత్త విలువ వస్తుంది. లాగ్ ఫైలుకి యూడీపీకాస్ట్ అనే ప్రోగ్రామ్‌ని అసింక్ (జవాబు కోసం ఆగని) పద్ధతిలో, లోపాలు సరిదిద్దే అదనపు ముక్కలతో వాడాను. రాత్రంతా నడిపితే ఒక్క ఫైలూ చెడలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది గుండె చప్పుడు. పది సెకన్లకోసారి లోపలి పై "ఉన్నాను" అని ఒక ప్యాకెట్ పంపుతుంది. బయటి పైకి రెండు నిమిషాలు అది అందకపోతే బాబాయ్‌కి, ఓనరు గారికి మెసేజ్ పోతుంది. మామూలు నెట్‌వర్క్‌లో పంపేవాడే తప్పు కనిపెడతాడు. ఇక్కడ అందుకునేవాడే మౌనాన్ని కనిపెట్టాలి.

ఇంకో చిన్న విషయం. లోపలి పైకి ఇంటర్నెట్ లేదు కాబట్టి టైమ్ కూడా లేదు. కరెంట్ పోయి వచ్చాక పాత తేదీతో లేచింది. డీఎస్3231 గడియారం చిప్ పెట్టాను. దాని తేడా ఏడాదికి దాదాపు ఒక నిమిషం, అది చాలు.

ఫిబ్రవరి 8-9

టీవీ పని. ఈ రెండు రోజుల్లో నేర్చుకున్నది మొత్తం ప్రాజెక్టులో నాకు కొత్త.

తెర తీగ అంటే బొమ్మ పీసీ నుంచి తెరకి పోవడమేనని మనందరి ఊహ. హెచ్‌డీఎంఐలో 19 పిన్‌లున్నాయి. బొమ్మ పోయేది కొన్నిటిలోనే. 15, 16 పిన్‌లు డీడీసీ: పీసీ, టీవీ రెండువైపులా మాట్లాడుకునే ఐ2సీ తీగలు. టీవీ పేరు, సీరియల్ నంబరు, తయారైన ఏడాది, ఏ రెజల్యూషన్ చూపగలదు అన్న వివరాల ఈడీఐడీ ఇందులోంచే వస్తుంది. 13వ పిన్ సీఈసీ, ఒక రిమోట్‌తో అన్నీ నడిపే తీగ, అదీ రెండువైపులా. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4 అయితే ఇదే తీగలో ఈథర్‌నెట్‌కి కూడా చోటిచ్చింది. అంటే నేను ఫైబర్‌తో అంత కష్టపడి ఒక దారి మూస్తుంటే, గోడలోంచి వైఫైలో ఉన్న టీవీ దాకా ఇంకో రెండువైపుల దారి తెరిచే ఉంది. ఆ దారిలో ఎవరైనా వస్తారా అంటే కష్టమే. కానీ "కష్టం" అన్నదీ "దారి లేదు" అన్నదీ ఒకటి కావు. రక్షణ రంగంలో వాడే కేవీఎం స్విచ్‌లు (ఒకే తెర, కీబోర్డుని పలు పీసీలకి కలిపేవి) ఈ కారణంతోనే తెర వివరాలను తామే అనుకరించి పీసీకి చూపిస్తాయి, అసలు తెరతో మాట్లాడనివ్వవు.

నేనూ అదే చేశాను. ఒక చిన్న హెచ్‌డీఎంఐ బోర్డు తీసుకుని 13, 14, 15, 16, 19 ట్రాక్‌లు బ్లేడుతో కోసేశాను. పీసీ వైపు మిగిలిన 15, 16 ట్రాక్‌లకి 24సీ02 మెమరీ చిప్ కలిపాను, దానికి కరెంట్ 18వ పిన్‌లోని 5 వోల్టుల నుంచే. 19వ పిన్ "తెర తగిలింది" అని చెప్పేది, దాన్ని వెయ్యి ఓములతో అదే 5 వోల్టులకి లాగాను. చిప్‌లో ఈడీఐడీ రాశాక 7వ పిన్‌ని పైకి కట్టేశాను, ఇక దాన్ని ఎవరూ తిరగరాయలేరు.

మొదటిసారి తెర 1024, 768కి పడిపోయింది. టీవీ నుంచి చదివిన 128 బైట్లలో సీరియల్ నంబరు సున్నా చేశాను గానీ చివరి బైటు చెక్‌సమ్ మార్చలేదు. మొత్తం కూడితే 256తో శేషం లేకుండా భాగించబడాలి. 126వ స్థానంలో "ఇంకో బ్లాకు ఉంది" అనే 1 కూడా అలాగే ఉంది, దాన్ని సున్నా చేశాను. ఆ రెండో బ్లాకు లేకపోతే పీసీ శబ్దం పంపదు. మంచిదే, ఆ గదిలో శబ్దం అక్కర్లేదు.

రెండోసారి 1080లో తెర మీద తెల్లచుక్కలు మెరిశాయి. ఆ రెజల్యూషన్‌లో ఒక్కో జత మీద సెకనుకి 148 కోట్ల బిట్లు పైనే పోతాయి, నా కోసిన బోర్డు అంత వేగానికి తట్టుకోలేదు. ఈడీఐడీ నా చేతిలోనే ఉంది కదా, 720 మాత్రమే చేతనని అందులో రాశాను. వేగం సగమైంది, చుక్కలు పోయాయి. టెంపరేచర్ పట్టికకి 720 చాలా ఎక్కువ.

ఒక మాట నిజాయితీగా రాసుకోవాలి. బొమ్మ పోయే జతల్లో కూడా విద్యుత్తు టీవీ వైపు నుంచే లాగబడుతుంది, హెచ్‌డీఎంఐ తీరు అది. కాబట్టి ఇది ఫైబర్‌లాగా పూర్తిగా వేరుపడ్డది కాదు. కానీ పీసీ వైపు ఆ జతల్లో వినే చిప్ లేదు, మాట్లాడుకునే తీగలు లేవు. ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ కొందామనుకున్నాను. చాలావాటిలో బొమ్మ మాత్రమే వెలుగులో పోతుంది, డీడీసీకి లోపల రాగి తీగలే ఉంటాయి. మళ్లీ అదే కోత.

ఫిబ్రవరి 15, శనివారం

బోర్డు పని అయిపోయిందనుకుని, ఊరికే ఆసక్తి కొద్దీ ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ అనే రేడియో రిసీవర్ డాంగిల్ తీశాను. తెర నుంచి పోయే రేడియో తరంగాలతో బొమ్మ తిరిగి కట్టవచ్చని 1985లో నెదర్లాండ్స్ ఇంజినీరు విమ్ వాన్ ఎక్ వ్యాసం రాసి లోకానికి చూపించాడు. గూఢచారి సంస్థలకి అంతకన్నా చాలా ముందే తెలుసు. 1943లో బెల్ ల్యాబ్స్‌లో ఒక సంకేత యంత్రం నడుస్తుంటే గదిలో దూరంగా ఉన్న ఆసిలోస్కోప్ మీద ముళ్లు కనిపించాయి. వాటిని చదివితే అసలు సందేశం వచ్చేసింది. సైన్యం నమ్మకపోతే న్యూయార్క్‌లో వీధి అవతల, 80 అడుగుల దూరంలోని భవనంలో కూర్చుని ఒక గంట రికార్డు చేసి, అందులో దాదాపు ముప్పావు వంతు సందేశాన్ని చదివి చూపించారు. ఓనరు గారి గది కిటికీకీ లారీలు ఆగే చోటికీ దూరం అంతకన్నా తక్కువే. ఆ టీవీ మీద ఒక్కోసారి ఏ వ్యాపారివి ఎన్ని టిక్కీలున్నాయో ఆ లెక్క కూడా ఉంటుంది. మార్కెట్‌లో ఆ లెక్కకి విలువ ఉంది.

720 రెజల్యూషన్‌లో పిక్సెళ్లు పోయే వేగం (పిక్సెల్ గడియారం) 74.25 మెగాహెర్ట్జ్. దాని గుణిజాల దగ్గర వెతకాలి. తరంగాల నుంచి బొమ్మ కట్టే టెంపెస్ట్ ఎస్‌డీఆర్ ప్రోగ్రామ్ పెట్టి మూడో గుణిజం 222.75 దగ్గర పట్టాను. కోసిన బోర్డు లేకుండా మామూలు తీగతో మూడు మీటర్ల దూరంలో దాదాపు ఏమీ లేదు. నా బోర్డు పెట్టగానే తెర మీద పట్టిక గీతలు కనిపించాయి.

చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను. సమాచారం వెనక్కి రాకుండా ఆపడానికి చేసిన వస్తువే సమాచారాన్ని గాల్లోకి వదులుతోంది. కేబుల్ చుట్టూ ఉన్న కవచం నా బోర్డు దగ్గర తెగిపోయింది, తెరిచిన ట్రాక్‌లు యాంటెన్నాలా పనిచేస్తున్నాయి.

అక్షరాలు చదవగలిగానా అంటే లేదు. ఈ డాంగిల్ సెకనుకి 24 లక్షల నమూనాలే తీసుకుంటుంది, అంటే ఒక్క నమూనాలో 31 పిక్సెళ్లు కలిసిపోతాయి. పట్టిక గీతలు, పెద్ద గడులు మాత్రమే. కానీ దీనికన్నా ఖరీదైన రిసీవర్లు ఉన్నాయి. 2024లో ఉరుగ్వే పరిశోధకులు మెషిన్ లెర్నింగ్‌తో హెచ్‌డీఎంఐ నుంచి అక్షరాలు రాబట్టే పని కూడా చేశారు. నా డాంగిల్‌కి కనిపించలేదని వదిలేయడం తప్పు.

ఫిబ్రవరి 16, ఆదివారం

బోర్డుని చిన్న రేకు డబ్బాలో పెట్టాను. రెండు వైపులా హెచ్‌డీఎంఐ కనెక్టర్ల లోహపు చుట్టుని డబ్బాకి చుట్టూ సోల్డర్ చేశాను. మొదట ఒక్క తీగముక్కతో గ్రౌండ్ కలిపాను, ఏమాత్రం తగ్గలేదు. అంత ఫ్రీక్వెన్సీలో చిన్న తీగముక్క కూడా అడ్డంకే. చుట్టూ అతికించాకే 222.75 దగ్గర గీతలు మాయమయ్యాయి. నా డాంగిల్ లెక్కలో 18 డెసిబెల్స్ తగ్గింది. రెండు చివర్లా ఫెరైట్ పూసలు వేస్తే 297 దగ్గర ఇంకాస్త. మామూలు కేబుల్‌కీ దీనికీ ఇప్పుడు తేడా కనిపించడం లేదు.

ఫిబ్రవరి 22-23, గుంటూరు

శుక్రవారం రాత్రి బస్సెక్కి పొద్దుటికల్లా దిగాను. శివరాత్రి దగ్గరపడింది, కోటప్పకొండ తిరునాళ్లకి ప్రభల ఏర్పాట్లు రోడ్డంతా కనిపిస్తున్నాయి. అప్పటికే రెండు చాంబర్లు నిండిపోయాయి.

ఫైబర్ వేసే కుర్రాడు 70 మీటర్లు పైపులో లాగి, చివర్లు అతికించి, పవర్ మీటర్ పెట్టాడు. బయటి వైపు అందిన వెలుగు బలం మైనస్ 13 డీబీఎం. నాకు అంతకన్నా ముఖ్యమైనది లోపలి వైపుకి దీపం తప్ప ఇంకేదీ రావడం లేదని చూడటం. దీపం పోగు పీకి, లోపలి వైపు వచ్చే చోట మీటర్ పెడితే చీకటి. ఈ పోగుల్లోకి కంటితో చూడకూడదు. 1310 నానోమీటర్ల వెలుగు కంటికి కనిపించదు, చాలా ఫోన్ కెమెరాలకీ కనిపించదు.

తర్వాత బయటి పై నుంచి లోపలికి పింగ్, పోర్ట్ స్కాన్, బ్రాడ్‌కాస్ట్, నాకు తెలిసినవన్నీ గంటసేపు పంపాను. లోపలి పై మీద ప్యాకెట్లు పట్టే ప్రోగ్రామ్ నడుస్తోంది. ఒక్కటీ రాలేదు. బయటి కన్వర్టర్ పంపే పోర్టులో మూత పెట్టి ఎపాక్సీ పోశాను. చివరికి బాబాయ్ తన చేత్తో పీసీ నుంచి బ్రాడ్‌బ్యాండ్ తీగ పీకేశాడు.

ఓనరు గారు ఫోన్‌లో చూసి "బాగుంది. మరి ఇందులోంచి కంప్రెసర్ ఆపొచ్చా?" అన్నారు.

ఈ ప్రశ్న కోసమే రెండు వారాలుగా టెన్షన్ పడ్డాను. నేను నోరు తెరిచేలోపు బాబాయే చెప్పాడు: "ఆపలేం సార్. మీరూ ఆపలేరు, నవంబర్‌లో వచ్చినవాడూ ఆపలేడు. ఆపాలంటే నాకు ఫోన్ చేయండి. అమ్మోనియా దగ్గర మనిషి ఉండి ఆపడమే మంచిది." ఆయన కాసేపు ఆలోచించి సరేనన్నారు. రాత్రి షిఫ్టు ఆపరేటర్‌కి ప్యానెల్ మీద ఏది నొక్కాలో రాసిన కాగితం గోడకి అతికించాం. దూరం నుంచి నడిపే సౌకర్యం పోయింది, నిజమే. దాని బదులు రాత్రికి ఒక మనిషిని నిఖార్సుగా పెట్టాల్సి వచ్చింది, ఆ జీతం ఖర్చే. ఈ ఖర్చుని దాచిపెట్టి ఎవరికీ డయోడ్ అమ్మకూడదని నా ఉద్దేశం. వస్తువుల ఖర్చు రెండు పైలతో కలిపి 14 వేల లోపు తేలింది.

మార్చి 9, ఆదివారం, హైదరాబాద్

రెండు వారాలు నడిచింది. గురువారం తెల్లవారుజామున 4:20కి నా ఫోన్‌కీ మెసేజ్: లోపలి నుంచి చప్పుడు లేదు. బాబాయ్‌కి ఫోన్ చేస్తే అప్పటికే మెషిన్ రూమ్‌లో ఉన్నాడు. చాంబర్లు బాగానే ఉన్నాయి. దీపం ఆరిపోయింది, దాని అడాప్టర్ కాలిపోయింది. వెలుగు లేక లోపలి కన్వర్టర్ పంపడం ఆపేసింది. డేటా పోవడం ఆగింది గానీ ఎవరికీ దారి తెరుచుకోలేదు. చెడిపోయినా మూసుకునే వైపే చెడింది, అది కావలసినదే. అయినా దీపానికి, లోపలి కన్వర్టర్‌కి కలిపి ఒకే మంచి పవర్ సప్లై, దాని వెనక చిన్న బ్యాటరీ పెట్టాలి. వచ్చే శనివారం తీసుకెళ్తున్నాను.

ఇంకా మిగిలినవి: పీసీకి యూఎస్‌బీ పోర్టులకి తాళాలు వేయలేదు. విండోస్ అప్‌డేట్లు ఇక లోపలికి రావు, కాబట్టి ఆరు నెలలకోసారి ఎవరు, ఏ పెన్‌డ్రైవ్‌తో, ఎక్కడ పరీక్షించి తేవాలో రాసిపెట్టాలి. ఈ పని ఫైబర్ కన్నా కష్టం, అది మనుషుల అలవాటు మీద ఆధారపడింది.

సాయంత్రం బాబాయ్ ఫోటో పంపాడు. ఎపాక్సీ పోసిన పోర్టు పక్కన డబ్బా మీద తెల్ల పెయింట్‌తో తనే రాశాడు: "ఇక్కడ తీగ పెట్టొద్దు. పెట్టాలనిపిస్తే ముందు నన్ను లేపండి." కింద ఫోన్ నంబర్.